చేతికిచ్చిన ఉత్తరం

కోర్టులో ఆయన్ని అందరూ రసీదు లాయరు అనేవారు. సర్కారు కట్టించే భవనాలు, వంతెనలు, రోడ్లు, వాటి కాంట్రాక్టుల తగాదాలు, ముప్పై ఏళ్లుగా ఇదే ఆయన పని. ఎదుటి పక్షం ఏ ఉత్తరం పంపానన్నా "రసీదు ఏదండీ?" అని ఒక్క ముక్క అడిగేవాడు. సగం కేసులు అక్కడే చతికిలపడేవి. ఇంట్లోనూ అదే తంతు. "ఉప్పు తెమ్మన్నాను కదా" అని భార్య అంటే, "రాసిచ్చావా?" అనేవాడు. "ఆ తెలివితేటలు కోర్టులో చూపించి, ఇంట్లో చప్పటి కూర తినండి" అనేది ఆవిడ.

కాంట్రాక్టరు తరఫున వాదించిన ఆసుపత్రి కేసూ అలాగే గెలిచాడు. కొత్తగా కట్టిన ఆడవాళ్ల వార్డు పైకప్పు మొదటి వానకే కారింది. ఏడాదిలోగా ఉత్తరం రాసి తెలియజేస్తే కాంట్రాక్టరే బాగుచేయాలి, గడువు దాటితే అతనికి సంబంధం లేదు. ఇదెక్కడి న్యాయమని నన్నడక్కండి, ఒప్పందంలో అలాగే ఉంది. గడువు రెండు రోజులుందనగా ఉత్తరం రాసి, తపాలాలో ఆలస్యమవుతుందని తానే వెళ్లి కాంట్రాక్టరు చేతికిచ్చానన్నాడు సర్కారు ఇంజినీరు. ఆ హడావుడిలో రసీదూ తీసుకోలేదు, నకలూ ఉంచుకోలేదు. ఇంకేముంది, అయిదు నిమిషాల్లో లాయరు అతని నోరు మూయించాడు.

కానీ ఆ ఉత్తరం లాయరు చూశాడు. వాదనలకు వారం ముందు, కాంట్రాక్టరు తెచ్చి పడేసిన కాగితాల కట్టలో, సిమెంటు పరీక్షల రిపోర్టుల మధ్య ఉంది. గుండ్రటి చేతిరాత, కింద సంతకం, తేదీ. రెండుసార్లు చదివి, ఉన్నచోటే పెట్టి, కట్ట తాడు బిగించి తిప్పి పంపేశాడు. నేను అబద్ధమాడలేదు, రసీదు అడిగానంతే అని ఎన్నిసార్లు చెప్పుకున్నా అన్నం సహించడంలేదు. సిగ్గుమాలిన పని చేశానని ఆయనకు తెలుసు.

నెల తిరిగేసరికి ఆ ఇంజినీరే ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"కూర్చోండి" అన్నాడు లాయరు, అతని ముఖం చూడకుండా.

"మీ మీద కోపంతో రాలేదండీ. మీ పని మీరు చేశారు. ఉత్తరం రాయకుండానే రాశానని బొంకానంటూ మా ఆఫీసువాళ్లు నా మీద విచారణ వేశారు. ఇచ్చానని తేలితే మందలించి వదిలేస్తారు. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఆ కాగితాలన్నీ మీరు చూసుంటారు కదా. నా ఉత్తరం కనబడిందా?"

"కక్షిదారు కాగితాల సంగతి బయటికి చెప్పకూడదండీ."

"సాక్ష్యం చెప్పమనడంలేదండీ." ఇంజినీరు గొంతు తగ్గించాడు. "మా ఆవిడ కూడా అడుగుతోంది, నిజంగా ఇచ్చారా అని. మొదట్లో ఒట్టేసి చెప్పేవాణ్ణి. ఈమధ్య నాకే అనుమానంగా ఉంటోంది, ఇచ్చానా, ఇవ్వాలనుకుని ఊరుకున్నానా అని. నాకోసం చెప్పండి చాలు. ఎవరితోనూ అనను."

ఇచ్చారు అన్న మాట లాయరు గొంతుదాకా వచ్చింది. చెబితే అది ఈ గదిలో ఆగదు. ముప్పై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను చూళ్లేదండీ."

చిత్రంగా, ఇంజినీరు ముఖం తేటపడింది.

"అయితే నేనే పొరబడి ఉంటాను. ఇవ్వలేదని రేపు రాసిచ్చేస్తాను." లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "అనవసరంగా మిమ్మల్ని అనుమానించానండీ. ఏమీ అనుకోకండి."