బుడ్డోణ్ణి హాస్టల్లో వేయనివ్వని మా అత్తమ్మ

షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. "అన్నా, అత్తమ్మ పోయింది" అన్నాడు ఆమె అల్లుడు. "అయ్యో, అత్తమ్మ పోయిందా" అన్నాను నేనూ. ఆమెను అలా పిలిచే హక్కు అతనికి పెళ్ళితో వచ్చింది, నాకు సినిమాతో వచ్చింది. ఆబిడ్స్‌లో నాది కళ్ళద్దాల దుకాణం. షట్టర్ మళ్ళీ దించేసి నాంపల్లిలో వాళ్ళింటి దాకా నడిచాను. ఆటో ఎక్కితే డ్రైవర్ గుర్తుపట్టి ఆమె డైలాగ్ ఒకటి చెప్పమంటాడు. ఆ పొద్దున అది నావల్ల అయ్యేది కాదు.

మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. హైదరాబాద్ మాటతో తీసిన మా కామెడీ సినిమాల వరసలో ఒక్కో భాగానికి కథ మారినా నా అత్తగారు మాత్రం మారలేదు. ఇల్లరికపు అల్లుణ్ణి నేను. చీపురు తిరగేసి నన్ను గల్లీ చివరిదాకా తరిమేది ఆమె. ఆ సినిమాలు బాగా ఆడాక, ఆ నటులనే పెట్టి ఒక కార్టూన్ సీరియల్ మొదలుపెట్టారు. అందులో ముఖాలతో పని లేదు కాబట్టి మా వరసలన్నీ తారుమారయ్యాయి. నేను తండ్రిని, ఆమె నా కొడుకు. మీ పిల్లలు అన్నం తింటూ చూసే ఆ బుడ్డోడి గొంతు, బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దావిడది. నమ్మని వాళ్ళను నేనెంతమందిని చూశానో.

కొత్తలో నాకు నోరు తిరిగేది కాదు. "హోంవర్క్ చేసినవా రా?" అని గద్దించాల్సిన చోట అలవాటు కొద్దీ "హోంవర్క్ చేసిన్రా అత్తమ్మా?" అనేశాను. రికార్డింగ్ గదిలో అందరూ నవ్వుతుంటే ఆమె మాత్రం నవ్వలేదు. బుడ్డోడి గొంతుతోనే, "ఇంక చెయ్యలే అల్లుడా, జర ఆగు" అంది. ఆ ముక్క సీరియల్లో రాలేదు కానీ మా గుంపులో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఇప్పుడు కార్టూన్లకు ఎవరి మాట వాళ్ళు విడివిడిగా చెప్పి వెళ్ళిపోవచ్చు. ఆమె ఒప్పుకునేది కాదు. నా డైలాగులు అయిపోయినా సరే, ఆమె ఎదురుగా నిలబడాల్సిందే. "ఎదురుంగ మనిషి లేకుంటె అబద్ధం ఎవనికి చెప్పాలె?" అనేది. దుకాణంలో గిరాకీ పోతోందని నేను గొణిగితే, తన ఫ్లాస్కులోని జీలకర్ర నీళ్ళు ఒక కప్పు పోసిచ్చేది. అది లంచం. రుచి మాత్రం ఘోరం.

బుడ్డోడి గుట్టు ఒకసారి నాకు విప్పి చెప్పింది. "గొంతు సన్నగ జేస్తె పిల్లగాడు రాడు బిడ్డా. అబద్ధం చెప్పేముందు వాడు ఊపిరి ఎట్ల బిగబడ్తడో గది పట్టాలె. బల్ల విరిగినా, పలక పగిలినా బడి పిల్లలు నా ముంగటనే నిలబడి అబద్ధం చెప్పిన్రు గద, అందరి ఊపిరి నాకు ఎరికే." నటనంటే అద్దం ముందు ముఖం తిప్పుకోవడం అనుకునే నాలాంటివాడికి ఆ మాట ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత ఆమె గొంతులో గడ్డ పెరిగింది. దవాఖానలో మాట తగ్గించమన్నారు. సినిమాలకు ఇబ్బంది లేదు, ఆ ముఖం ఉంటే చాలు, కనుబొమ్మ ఎత్తితే హాలు నవ్వుతుంది. కార్టూన్‌కు ఉన్నదే గొంతు. నిర్మాత మంచివాడే, బాధపడుతూనే వచ్చి, "బుడ్డోణ్ణి కథలో హాస్టల్‌కు పంపిద్దాం మేడమ్. మెల్లగా జనం మర్చిపోతారు" అన్నాడు.

ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "వాణ్ణి హాస్టల్ల వేస్తరా? ఏం తప్పు జేసిండని? నేను పోత గానీ వాడు పోడు" అంది. అప్పటికే మాట బొంగురుపోయింది. ఆయన వెళ్ళగానే నాతో, "రేపు హిమాయత్‌నగర్ పోదాం. నీ తల్లి దగ్గరికి" అంది.

నా తల్లి అంటే సినిమాల్లో తల్లి, అంటే ఈమెకు వియ్యపురాలు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం ఆవిడది. తెర మీద ఇద్దరూ కొప్పులు పట్టుకునే దాకా వెళ్ళేవాళ్ళు. తెర వెనక అసలు మాటలే లేవు. ఒక పోస్టర్ మీద ఎవరి ముఖం పెద్దగా పడిందన్న దగ్గర మొదలైన గొడవ అది. ఇద్దరి మధ్య కబుర్లు మోసీ మోసీ నేను అలిసిపోయాను. అందుకే ఆ ప్రయాణం నాకు అస్సలు ఇష్టం లేదు.

తలుపు తీసి ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళకి గుర్తొచ్చానా అండీ?"

"పనిబడ్డది వదినా" అంది అత్తమ్మ. కెమెరా లేకుండా ఆమె వదినా అనడం నేను వినడం అదే మొదటిసారి. "బుడ్డోని గొంతు నువ్వు తీసుకోవాలె. లోపటికి రమ్మంటవా, గీడనే నిలబెట్టి నేర్పమంటవా?"

"నా యాస మీకు గిట్టదు కదండీ."

"యాస నేను నేర్పిస్త. అబద్ధాలాడుడు నీకు ముందే వచ్చు."

చచ్చాంరా అనుకున్నాను. ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "రండి, కాఫీ పెడతాను. మీ జీలకర్ర నీళ్ళు మా ఇంట్లో దొరకవు" అంది.

చదువు నా దుకాణంలో, కళ్ళు పరీక్ష చేసే చిన్న గదిలో సాగింది. తలుపేస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించే గది అది. అత్తమ్మకు మాట దాదాపు పోయింది. ఆమె చెయ్యెత్తితే ఆ వదిన ఊపిరి పట్టాలి, దించితే అబద్ధం మొదలెట్టాలి. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోటికి వదినను తీసుకెళ్ళి, బొమ్మల పుస్తకం కోసం తండ్రుల చొక్కాలు లాగే పిల్లల పక్కన నిలబెట్టేది. ఎండలో వద్దమ్మా అని నేనంటే వినిపించనట్టు నటించేది. ఆమె మీద నాకు కోపం వచ్చేది. ఆ ఉన్న కాస్త ఓపికా ఒక బొమ్మ పిల్లాడికి పోస్తోందని బాధ. ఆమెకు మాత్రం వాడు బొమ్మ కాదు.

ఒక మధ్యాహ్నం అద్దాల కోసం వచ్చిన పెద్దాయన, లోపలి గది వైపు చూసి, "ఏంది సేట్, పిల్లగాణ్ణి కొడుతున్నరా? 'నేను పగలగొట్టలే, దానంతట గదే పగిలింది' అని మొత్తుకుంటుండు" అన్నాడు. నేను తలుపు తీసి ఆ మాట లోపలికి చెప్పాను. అత్తమ్మ తొడ చరిచింది. ఇద్దరు ముసలి వియ్యపురాళ్ళూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నవ్వారు. ఆమెను అంత సంతోషంగా చూడడం అదే ఆఖరు.

అంత్యక్రియల రోజు పెద్దలెవరో "మీరు ఏమైతరు?" అని అడిగితే ఆలోచించకుండా "అల్లుణ్ణి" అనేశాను. అసలు అల్లుడు పక్కనే ఉన్నాడు. ఎర్రబడ్డ కళ్ళతోనే నవ్వి, "ఔ, అన్న గూడ అల్లుడే. రా అన్నా, ఈ దిక్కు నువ్వు పట్టు" అని పాడె కర్ర నా భుజానికి ఇచ్చాడు.

బుడ్డోడిగా వదిన గొంతుకు నిర్మాత పెట్టిన పరీక్ష ఆ వారంలోనే ఉంది. ఆ ఎపిసోడ్‌లో బుడ్డోడు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో తప్పిపోయి, జెయింట్ వీల్ పైన దొరుకుతాడు. ముగింపులు రెండు రాశారు. ఒక కాగితంలో తండ్రి వాణ్ణి ఇంటికి తీసుకుపోతాడు. ఇంకోదాంట్లో, నీకు హాస్టలే సరి అంటాడు. కొత్త గొంతు విన్నాక, ఏ కాగితం చదవాలో అద్దం అవతల నుంచి చెయ్యి ఎత్తి సైగ చేస్తానని నిర్మాత చెప్పాడు. కావాలంటే వాయిదా వేద్దామని కూడా అన్నాడు. వదిన ముక్కు తుడుచుకుని, "వాయిదా వేస్తే ఆవిడ ఊరుకోదండీ, పదండి" అంది.

మైకు ముందు నిలబడి పిలిచాను. "బుడ్డోడా! అరే బుడ్డోడా! యాడున్నవ్ రా?"

ముందు ఊపిరి బిగబట్టిన చప్పుడు. తర్వాత, తిట్లు పడతాయని తెలిసీ నవ్వాపుకోలేని పిల్లాడి గొంతు వచ్చింది. పక్కన నిలబడ్డది వదినేనని తెలిసినా ఉలిక్కిపడ్డాను.

"నాయినా! పైకి చూడు! గీడున్న!"

నేను నిజంగానే పైకి చూశాను. సీలింగుకు అంటించిన స్పాంజి పలకలు తప్ప అక్కడేమీ లేవు. అద్దం అవతల నిర్మాత ఇంకా చెయ్యి ఎత్తలేదు. హాస్టల్ కాగితాన్ని కింద పడేసి, మైకు దగ్గరికి జరిగాను.

"దిగు బిడ్డా. ఇంటికి పోదాం."