మార్తక్క మీద కుళ్లు

నిన్న కోరుట్ల బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం నిలబడి ఉంటే నా వెనక ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. గరగరలాడే గొంతు, నవ్వు చివర చిన్న దగ్గు. గిరుక్కున తిరిగి చూశాను. ఎవరో పెళ్లికి పోతున్నవాళ్లు. మార్తక్క కాదు, కావడానికి వీల్లేదు. ఆమె పోయి రెండేళ్లు దాటింది. అయినా ఆ నవ్వు చెవిన పడగానే నాకు ముందు దుఃఖం రాలేదు. పాత కడుపుమంటే వచ్చింది.

మా ఆయన శ్రీనివాస్ సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటాం. ఒక ఎండాకాలం ఆయన మెడ పక్కన గడ్డ లేచింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత జ్వరం పట్టుకుంది, పరుపు తడిసేంత చెమటలు పోశాయి, నడుముకు లుంగీ నిలవనంతగా మనిషి చిక్కిపోయాడు. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేసి లింఫోమా అన్నారు. అదొక క్యాన్సర్ అని మాత్రం అర్థమైంది. ఆ పేరు పలకడానికే మాకు నోరు తిరగలేదు. హైదరాబాదు ఆసుపత్రిలో డాక్టరు గది ముందు బిగుసుకుపోయి కూర్చున్న మాకు పక్క కుర్చీలోంచి మా యాస వినిపించింది. ఆమే మార్తక్క. సొంతూరు గొల్లపల్లి. జగిత్యాలలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది, భర్త లేడు. అదే జబ్బు మాకంటే ముందు ఆమెకు వచ్చి తగ్గింది.

“కాలుకు ముల్లు గుచ్చుకుంటె గజ్జల్ల బిళ్ల కడ్తది సూడు తమ్మీ,” అంది మా ఆయనతో. “గసొంటి బిళ్లలు మెడల, సంకల, కడుపుల అంతట ఉంటయి. రోగాన్ని ఆపేటందుకు కావలి కాస్తయి. గిప్పుడు ఆ కావలోళ్లకే రోగమచ్చింది. ఇది ఒకలి నుంచి ఒకలికి అంటేది గాదు. మందుకు లొంగుతది. నేను లేనా?”

ఆమె నవ్వింది. మా ఆయనా నవ్వాడు. గడ్డ లేచిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. నేను సంతోషించాలి కదా! అన్ని నెలలు నేను ఎన్ని విధాల ప్రయత్నించినా రాని నవ్వు ఈమెకు కూర్చున్నచోటే దొరికింది.

ఆ తర్వాత రోజూ ఫోన్లే. మందు ఎక్కించుకొని వచ్చినప్పుడల్లా నోరంతా ఇనుము రుచి అని నేను వండినవన్నీ తోసేసేవాడు. ఆమె చెప్పిన నిమ్మకాయ పిండిన జావ మాత్రం అడిగి మరీ చేయించుకున్నాడు. వాకిట్లో కూర్చొని మెల్లగా ఆమెతో మాట్లాడేవాడు. నేను అటు పోతే మాట ఆగిపోయేది. ఒకరోజు అడిగేశాను.

“నాకు చెప్పని ముచ్చట్లు ఆమెకేం చెప్తున్నవ్?”

“నీకు చెప్తె ఏడుస్తవ్ రమా,” అన్నాడు. “అక్కకైతె ఎరుకే గదా.”

ఆ మాట నన్ను కోసింది. ఇన్నేళ్లు కాపురం చేసిన నాకు తెలియనిది, జబ్బు చేసినందుకు ఆ మనిషికి తెలుసు. నాకూ ఆ జబ్బే వస్తే బాగుండునని ఒక క్షణం అనుకున్నాను. అంత కుళ్లు.

ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. అంటుకునే రోగం కాదని ఎంత చెప్పినా వినకుండా అత్తమ్మ అప్పటికే కొడుకు కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. మార్తక్క మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆయన సగం తాగి పెట్టిన చల్ల గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. “సల్ల పుల్లగైందమ్మా,” అంది అత్తమ్మతో. ఆ పూట నుంచి అత్తమ్మ కంచాలన్నీ ఒక్కచోటే పెట్టింది. నేను వంటింటి గడపలో నిలబడి చూశాను. ఆయన తిన్న కంచంలోనే నేను రోజూ తినేదాన్ని, అత్తమ్మ కంట పడకుండా. నాది ఎవరికీ తెలియలేదు. ఆమెది ఇల్లంతా చూసింది.

ఇక ఆగలేక, కోరుట్లలో అమ్మ దగ్గరికి పోయినదాన్ని అటు నుంచి అటే జగిత్యాల బస్సెక్కాను. హాస్టల్ వెనక మార్తక్క పెద్ద గిన్నెలో అన్నం వారుస్తోంది. నన్ను చూసి ఎందుకు వచ్చానని అడగలేదు.

“నా మీద కోపమున్నది గదా చెల్లె,” అంది.

“మీరిద్దరు ఏం మాట్లాడుకుంటరు?”

“సావు గురించి. వేరే ముచ్చటేం లేదు. బతుకు గురించి నీతోనే మాట్లాడుతడు గదా, బిడ్డ సదువు, ఇంటి రేకులు. ఇంకేం గావాలె నీకు?”

“అది సుత గావాలె,” అన్నాను. “అది సుత నాదే.”

ఆమె నవ్వలేదు. చేతులు కొంగుకు తుడుచుకొని నా పక్కన కూర్చుంది. “అయితె అడుగు. అడిగినంక నడిమిట్ల లేచిపోకు. ఏడుపస్తె ఏడ్వు, గని ఆడనే కూసో. నీకేం గాదు అని మాత్రం అనకు. గట్లని లేచిపోయేటోళ్లను మస్తుమందిని సూసిన.”

ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే అడిగాను. ఆయన గోడ వైపు తిరిగి చెప్పాడు. ఊపిరాడక పోతానేమోనని భయమట. బిడ్డ తన ముఖం మరిచిపోతుందేమోనని భయమట. నేను ఏడ్చాను. లేవలేదు.

మందులు పనిచేశాయి. స్కానులో జబ్బు కనబడడం లేదని డాక్టరు చెప్పగానే ఇద్దరం మార్తక్కకు ఫోన్ చేశాం, ఎంతో సంబరపడింది. కొన్నాళ్లకు ఆమే నాకు ఫోన్ చేసింది. ఆయనకు కాదు, నాకు.

“నాది మల్ల తిరగబెట్టింది చెల్లె. తమ్మికి చెప్పకు, బాగైనోన్ని బెదిరిచ్చుడెందుకు? నువ్వు రా.”

గొల్లపల్లిలో తన చెల్లెలి ఇంట్లో పడుకొని ఉంది. మెడంతా వాచిపోయింది, గొంతు సగమే పెగులుతోంది. పుట్టింటికని ఇంట్లో చెప్పి చాలాసార్లు వెళ్లాను. ఆమె మాట్లాడేది. నేను మంచం పక్కనే కూర్చునేదాన్ని.

ఆమె పోయాక గానీ ఆయనకు సంగతి తెలియలేదు. “నాకెందుకు చెప్పలే? నన్ను తమ్మీ అనలేదా?” అంటూ గోడకు ఆనుకొని ఏడ్చాడు. నీకు చెప్పింది, నాకు చెప్పలేదు అన్నట్టుగా నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

ఇప్పుడు మా వైపు ఎవరికి ఈ జబ్బు వచ్చినా ఆయన దగ్గరికి వస్తారు. ఆయన వాళ్లతో మాట్లాడుతుంటే, వెంట వచ్చిన భార్యనో తల్లినో నేను పక్కకు తీసుకుపోయి కూర్చోబెడతాను. అప్పుడప్పుడు, వాళ్లంతా వెళ్లిపోయాక, ఆయన అడుగుతాడు: “అక్క ఆఖరికి నీతోని ఏమన్నది?” నేను చెప్పను. ఆమె దేనికి భయపడిందో, ఎవరిని తలచుకుందో నాకొక్కదానికే తెలుసు. ఆయనకు కూడా ఇవ్వబుద్ధి కాదు.