గుడ్డ కట్టిన సొరకాయ

మల్కాజ్‌గిరిలో మా మేడ మీద పాకే సొరపాదు మా అమ్మ ఇచ్చిన విత్తనానిది. పెళ్లై గుంటూరు నుంచి వచ్చేటప్పుడు గుప్పెడు గింజలు నా కొంగున కట్టి పంపింది. మోండా మార్కెట్ అంతా తిరిగినా ఇంత లేత కాయ దొరకదని ఎవరితోనైనా పందెం కాస్తాను. గొప్పలంటారా, అననివ్వండి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే అవసరం మాకెన్నడూ రాలేదు.

తొలకరికి గింజ నాటుతాను. చలి మొదలయ్యేదాకా కూరలు, పులుసులు. క్రిస్మస్‌కి తీగ ఎండిపోతుంది. ఎండితే దిగులు పడను. ముందుగా కాసిన మంచి కాయనొకదాన్ని ముదరడానికి వదిలి, కాడకు ఎర్ర గుడ్డ కడతాను. దాని గింజలే మళ్లీ తొలకరికి. అమ్మ పోయినా ఏటా ఆమె పాదు మొలుస్తూనే ఉంది.

కిందటేడు గుడ్డ కట్టిన కొన్నాళ్లకే మోకాళ్ల నొప్పులు మొదలై మేడ ఎక్కలేకపోయాను. కోత పండుగ ఆదివారం, చర్చిలో అర్పించడానికి కాయలు కోసుకురమ్మని కొత్త కోడలిని పంపాను. ఆరాధనలో చూద్దును కదా, అర్పణల బల్ల మీద ఎర్ర గుడ్డతో మా విత్తనం కాయ! ఇంట్లో విత్తనాల డబ్బాలో ఒక్క గింజ మిగల్లేదు. అమ్మ పాదు నాతోనే ఆగిపోతుందని గుండె జారిపోయింది.

"అదెందుకు కోశావే?" అన్నాను గొంతు తగ్గించి.

"గుడ్డ కట్టిండ్రు కద అత్తమ్మా, దేవునికని పక్కకు పెట్టిండ్రనుకున్న."

దేవుడికిచ్చింది వెనక్కి అడగలేను. ఆరాధన అయ్యాక అర్పణలన్నీ వేలం వేస్తారు కనుక పాడి తెచ్చుకుందామనుకున్నాను. ముదురు కాయకు పోటీ ఎవరొస్తారు? వచ్చింది, ఒకప్పుడు మా పక్కింట్లో ఉండి బోయిన్‌పల్లికి కాపురానికి వెళ్లిన అమ్మాయి. నేను పెంచినకొద్దీ తనూ పెంచి, కాయ పాడుకుంది. ఒళ్లు మండి వెళ్లి అడిగాను.

"కూరకు పనికిరానిది నీకెందుకమ్మా?"

"గుడ్డ కట్టిన కాయ కూరకెందుకు ఆంటీ? మీరిచ్చిన విత్తనమే పెట్టుకుంటున్న ఇన్నేండ్లు. ఈసారి వానలకు నా పాదు కుళ్లిపోయింది. మళ్ల షురూ చేద్దామని పాడిన. మీరు పరేషాన్ గాకుండ్రి, ఎండినంక సగం మీకే ఇస్త."

ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన నా విత్తనానికి నాతోనే పోటీ! అమ్మ పాదుకు నేనొక్కదాన్నే దిక్కనుకున్నాను ఇన్నాళ్లూ. అక్కడే నవ్వేశాను, కళ్లూ తుడుచుకున్నాను.

మాట ప్రకారం గింజలు వచ్చాయి. ఈ తొలకరికి వాటిని కోడలే నాటింది. మోకాళ్లు కాస్త నయమై నిన్న మెల్లగా మేడెక్కాను. నిగనిగలాడే కాయ మీద చెయ్యి వేశానో లేదో, వెనక నుంచి కేక.

"అత్తమ్మా, గది ముట్టకుండ్రి! విత్తనం కాయ."

చూస్తే కాడకు గుడ్డ కట్టే ఉంది, నా పాత చీర అంచు. కోడలు కసిరితే ఇంత గర్వపడిన అత్త సికింద్రాబాద్ మొత్తంలో నేనొక్కదాన్నేనేమో.