తెల్లగుర్రం మొహం పట్టీ

బెంగాల్లో మా రైల్వే ఊరి గోల్‌బజార్‌లో మా కుట్టు కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది గుర్రాలవాళ్లు. ఆ బేరం మా నాన్న మొదలెట్టింది. ఆయన రైల్వే వర్క్‌షాపులో బోగీల సీట్లు కుట్టే ట్రిమ్మరు. రిటైరయ్యాక చేతులు ఊరుకోక పెళ్లి గుర్రాలకి బట్టలు కుట్టేవాడు. మెషిను నా చేతికిస్తూ ఒకే ఒక్క మాట చెప్పాడు. "పాత అస్తరు మీద కొత్తగుడ్డ ఎప్పుడూ కుట్టకే. మొత్తం ఇప్పేసి మరీ కుట్టాల." నాకు ఎవరి సలహాలూ పడవు, ముక్కు మీద కోపం మనిషిని. ఆ మాట మాత్రం ముప్ఫై ఏళ్లు జవదాటలేదు. ఒక్కసారి తప్పాను.

తెల్లగుర్రం గుర్రాల మావది. మావంటే చుట్టం కాదు, వర్క్‌షాపులో నాన్నతో పాటు పనిచేసినవాడు, పక్క క్వార్టర్సు. కలకత్తా వైపు ఏదో స్వారీ స్కూలు మూసేస్తే వేలంలో కొనుక్కొచ్చాడు. పెళ్లికొడుకు ఎక్కేది ఆడగుర్రాన్నే. ఈ మగగుర్రాన్ని ఊరేగింపు ముందు ఆడించేవాడు. డోలు వినబడితే చాలు, ఉన్నచోటే ఒక్కో కాలూ ఎత్తి, కాసేపు గాల్లో ఆపి, మెల్లగా దించేది. పక్కకి నడిస్తే కాలు మీంచి కాలు వేసుకుంటూ పోయేది. ఇక పెళ్లికొడుకుని పట్టించుకునేవాడే ఉండేవాడు కాదు. ప్రేమ్ బజార్ నుంచి బ్యాగు జిప్పు వేయించుకోడానికొచ్చిన ఒక కాలేజీ పిల్ల చూసి, "దీన్ని డ్రెస్సాజ్ అంటారాంటీ, విదేశాల్లో పోటీలు పెడతారు" అంది. మావకి ఆ పేరు నోరు తిరగలేదు. "ఏటో పేరు. మనోడికి తెల్సు, సాలు" అన్నాడు.

దాని పిల్లలకీ నేర్పకుండానే ఆ నడక వచ్చింది. మేదినీపూర్ నుంచీ ఒరిస్సా బోర్డరు నుంచీ ఆడగుర్రాలని తోలుకొచ్చి కట్టించుకుపోయేవారు. ఎన్ని పిల్లలు పుట్టాయో మావకి లెక్క లేదు గానీ, అవి పెరిగి పెళ్లిళ్లకి తయారైతే బట్టకి నా దగ్గరికే రావాలి కదా. వాటికి టేపు పెట్టనక్కర్లేదు. తండ్రి మొహానికి కత్తిరించిన న్యూస్‌పేపరు నమూనా గోడన మేకుకి ఉండేది, అదే అందరికీ సరిపోయేది. ఎవడి గుర్రానికైనా సరిపోకపోతే, "ఇది మనవాడి బిడ్డ కాదు, నిన్నెవడో మోసం చేశాడు" అని మొహానే చెప్పేదాన్ని.

పోయిన చలికాలం తెల్లగుర్రానికి ఎడమ ముక్కు కారడం మొదలైంది. ముసలిదైంది, మంచుకి జలుబు చేసిందన్నాడు మావ, పసుపు పొగ పెట్టాడు. దాని ఆఖరి కూతుర్ని అంతకు ముందే, వానాకాలంలో, ఇండస్ట్రియల్ పార్క్ అవతల టీకొట్టు నడిపే ఒక బెంగాలీ దాదాకి అమ్మేశాడు. ఆ పిల్ల మొదటిసారి పెళ్లికి వెళ్లబోతోంది. తండ్రి కట్టుకున్న మొహం పట్టీ బిడ్డకి కట్టడం ఈ గుర్రాలవాళ్ల ఆనవాయితీ. మావ ఆ పట్టీ తెచ్చి నా మెషిను మీద పెట్టాడు.

"పైన కొత్త సాటిన్ ఎయ్యి. లోపల అస్తరు ముట్టుకోకు. అయ్య వాసన తగిల్తే పిల్ల జనాన్ని సూసి బెదరదు."

ముక్కు తగిలే చోట అస్తరు పసుపుపచ్చగా అట్టకట్టి ఉంది. గోటితో గీకితే పొట్టులా రాలింది.

"ఇది ఇప్పేత్తాను మావా."

"ఇప్పేత్తే ఇంకేటి మిగుల్తాదే?"

నాన్న పోయాక ఆయన చొక్కా ఒకటి ఉతక్కుండా ఇనప్పెట్టెలో దాచుకున్నదాన్ని, ఆ మాట నాకు తెలియనిది కాదు. సాటిన్ పైన పరిచి కుట్టేశాను. అద్దాలూ కుచ్చులూ వేసి ఇచ్చాను.

మూడు వారాలకి పశువుల డాక్టరు వచ్చి తెల్లగుర్రం రక్తం తీసుకెళ్లాడు. గ్లాండర్స్ అని తేలింది. దానికి మందు లేదట, మనుషులకీ అంటుతుందట, చంపి సున్నం పోసి పూడ్చాలట. మావ ఇంటి వెనకే ఆ పని జరిగింది. జీను, తాళ్లు, బకెట్టు, అన్నీ తగలబెట్టారు. "దీని వస్తువులు ఇంకెక్కడైనా ఉన్నాయా?" అని డాక్టరు అడిగాడు. మావ లేవని తలూపాడు. డాక్టరు నా వైపు చూశాడు. నోరు మూసుకోవలసిన చోట ఒక్కనాడూ మూసుకోనిదాన్ని, అక్కడ మూసుకున్నాను.

జీపు వెళ్లాక మావ చేతులు పట్టుకున్నాడు. "సెప్పకే. సెప్తే దాన్నీ సంపేత్తారు. ఆడి నడక అచ్చంగా వొచ్చింది దానికే."

ఐదు రోజులు ఓర్చుకున్నాను. ఆరో రోజు ఆటో ఎక్కి దాదా ఇంటికి వెళ్లాను. పిల్ల టీకొట్టు వెనక కట్టేసి ఉంది, పట్టీ పక్కనే గుంజకి వేలాడుతోంది. నన్ను చూసి తల ఊపింది. ముక్కు తడిగా ఉంది. ఎడమ ముక్కే. అక్కడే నిలబడి డాక్టరుకి ఫోన్ చేశాను. "ఎ కీ కొర్లెన్ దీదీ!" ఎంత పని చేశారక్కా అని దాదా నెత్తి కొట్టుకున్నాడు. ఏం చేశానో ఆయనకి అప్పటికి సగమే తెలుసు.

దాని రక్తానికీ అదే జవాబు వచ్చింది. నా రక్తం కూడా తీశారు. నాకేం లేదన్నారు. అది విని ఒళ్లు మండింది.

పిల్లని చంపే సూది వేసే రోజు మావ రాలేదు. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు కూడా. నేను వెళ్లాను. గొయ్యి తవ్వి ఉంది. డాక్టరు సిరంజి తీశాడో లేదో, రోడ్డు మీద ఏదో పార్టీ ఊరేగింపు డోళ్లతో వచ్చింది. పిల్ల చెవులు నిక్కబొడిచింది. ముందుకాలు ఎత్తి, గాల్లో ఆపి, దించింది. తర్వాత రెండోది. తండ్రి ఎలా చేసేవాడో అచ్చం అలాగే. డాక్టరు సిరంజి పట్టుకుని డోళ్లు దూరమయ్యేదాకా ఆగాడు.

పట్టీని నన్ను ముట్టుకోనివ్వలేదు, కర్రతో మంటలోకి తోశారు. సాటిన్ ఒక్కసారిగా అంటుకుంది. లోపలి అస్తరు చాలాసేపు కాలింది.

ఆ నడక దానికి తండ్రి ఇచ్చాడు. రోగం నేను కుట్టి ఇచ్చాను.

ఇంటికొచ్చి ఇనప్పెట్టె తెరిచి నాన్న చొక్కా ఉతికేశాను.