గుడ్డు పెంకుల గుళికలు

ఎలిపెండో కాయా పుట్టింది ‘మాజీ యా చాయ్’ అనే ఊళ్లో. ఆ ఊరి నీళ్లలో ఫ్లోరైడు జాస్తి. అక్కడివాళ్లను పళ్ల గార చూసే పోల్చుకోవచ్చు. నలభై ఏళ్లొచ్చినా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది.

తెంగెరు కాలేజీ ప్రయోగశాలలో గాజుసామాను కడగడం ఆమె పని. అక్కడ డాక్టర్ ఎంబిసే గుడ్డు పెంకులతో ఒక పొడి చేస్తున్నాడు. దాని రేణువు వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. నీళ్లలోని ఫ్లోరైడును ఇట్టే పట్టేస్తుంది. పెంకుల కోసం ఎలిపెండో గోనెసంచి పట్టుకుని ఆమ్లెట్ బండ్ల చుట్టూ తిరిగేది.

“వచ్చిందమ్మా పెంకుల మహారాణి! వీటితో కోడిని చేస్తావా ఏంటి?” అని బండివాళ్లు ఆటపట్టించేవారు.

“చేస్తే మొదటి గుడ్డు నీకే పెడతాలే!” అనేది.

కానీ పొడి మొండికేసింది. గొట్టంలో నింపి నీళ్లు పోస్తే అడుసులా బిగుసుకుని చుక్క దిగనిచ్చేది కాదు, లేదా నీళ్లతోపాటే కొట్టుకొచ్చేది. ఎనిమిది నెలలు అదే తంతు. ఒక మధ్యాహ్నం డాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు.

“దీని బలమంతా సన్నదనంలోనే ఉందమ్మా. ముతక చేస్తే ఉత్త సున్నమే.”

ఎలిపెండో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. “డాక్టరు గారూ, ఇంట్లో బొగ్గు నుసి మేం పారేస్తామా? కర్రపెండలం గంజిలో కలిపి ఉండలు చేస్తాం. దీన్నీ అలా చేసి కాలిస్తే? గంజి మాడిపోయి చిల్లులు మిగుల్తాయి. నీళ్లు వాటిలోంచి పోవూ?”

నవ్వబోయిన డాక్టరు ఆగిపోయాడు. “ఏదీ, ఇంకోసారి చెప్పు!”

మొదటి వాయి పిండయింది. రెండోది పగిలింది. మూడో వాయి గుళికలు కొలిమిలోంచి గలగలమంటూ వచ్చాయి. ఎలిపెండో వాటిని గొట్టంలో నింపి, తన ఊరి బావినీళ్లు తనే పోసింది. చుక్కలు ధారగా మారాయి. ఆ నీళ్లకు లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఫ్లోరైడు చూపించే మీటరు ఒకటికన్నా కిందికి దిగింది! మీటరే పాడైందేమోనని డాక్టరు కడిగి మళ్లీ చూశాడు. అదే అంకె. ఎలిపెండో తమ పెళ్లిళ్లలో ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ పెట్టే సంబరపు కేక పెట్టింది. వరండాలో ఉన్నవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు.

మరుసటి ఏడు ఊరి బావి దగ్గర గుళికల పీపా నిలబెట్టారు. పక్కింటి ముసలామె గ్లాసు వాసన చూసింది.

“గుడ్డు కంపు కొడుతుందేమోనే?”

“తాగి చెప్పు పిన్నీ.”

ఆమె గటగటా తాగేసి గ్లాసు ముందుకు చాపింది. “ఇంకాస్త పొయ్యవే, చెబుతా!”

గుళికలు నాలుగు నెలలకోసారి మార్చాలి. అందుకే ఎలిపెండో ఇప్పుడు ప్రతి శనివారం ఊళ్లో ఆరుగురు ఆడవాళ్లకు వాటిని చేయడం నేర్పుతోంది. ఆమె గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది: “శనగగింజంత అన్నాను, ఉల్లిపాయంత కాదు! మళ్లీ చుట్టండి!”