ముందే కప్పిన శాలువా

మా రాయపూర్ తెలుగువాళ్ళకు శాలువా పిచ్చి. ఒకరికి ప్రమోషన్ వచ్చినా, ఇంకొకరు రిటైరైనా, ఆఖరికి ఎవరి అల్లుడికో బ్యాంకులో ఉద్యోగమొచ్చినా సంఘం హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి శాలువా కప్పాల్సిందే. ఆ పిచ్చే మా టీచరమ్మ కొంప ముంచింది.

ఆవిడ రైల్వే బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు మనిషి. ఊరి శివారు భన్‌పురిలో ఫ్యాక్టరీలు రాకముందు, అక్కడింకా వరిపొలాలున్న రోజుల్లో, సెలవు దొరికితే చాలు, నాట్లు వేసే ఆడవాళ్ళ వెంట గట్లమీద తిరిగి వాళ్ళ ఛత్తీస్‌గఢీ పాటలు రాసుకునేవారు. చేతికి అలవాటని తెలుగు లిపిలోనే రాశారు. పొలాలు పోయాయి, పాడినవాళ్ళు తలో దిక్కూ అయ్యారు. ఆవిడ రాసినవాటిని నాగరి లిపిలోకి మార్చి అచ్చు వేయించడంలో నేనూ ఒక చెయ్యి వేశాను.

నేను విశ్వవిద్యాలయంలో లెక్చరర్ని. గౌరవ డాక్టరేటుకు పేరు ప్రతిపాదించే అవకాశం ఒక ఏడాది నాకు వచ్చింది. ఇంకెవరి పేరు రాస్తాను? ఆ పట్టా ఎప్పుడూ ఏ మంత్రికో, ఉర్లాలో ఫ్యాక్టరీ ఉన్న పెద్దమనిషికో పోతుండేది. ఈసారి కమిటీ పెద్దలు ఆ పాటలు చదివి మెత్తబడ్డారు. ఒకటే షరతు. తుది నిర్ణయం దాకా పేరు బయటికి పొక్కకూడదు. పొక్కితే ఆ పేరు కొట్టేస్తారు. అందుకే ఆవిడక్కూడా చెప్పకుండా నోటికి తాళం వేసుకున్నాను.

కానీ మా సంఘం కార్యదర్శి బావమరిది మా రిజిస్ట్రార్ ఆఫీసులోనే టైపిస్టు. ఇంకేముంది!

ఉగాదినాడు హాల్లోకి అడుగు పెట్టేసరికి టీచరమ్మ వేదికమీద ఉన్నారు. మెడలో బంతిపూల దండ, భుజాలమీద శాలువా. వెనక కట్టిన బ్యానరుమీద ఆవిడ పేరుకు ముందు ‘డాక్టర్’ అని తెలుగులోనూ హిందీలోనూ రాయించారు. ముందు వరసలో హిందీ పేపరు విలేకరి. నాకు ఒళ్ళు మండిపోయింది. కార్యదర్శిని పక్కకు లాగాను.

“ఇంకా ఇవ్వలేదండీ! ఏం పని ఇది?”

“అరే, ఇస్తారు కదా మాస్టారూ! వాళ్ళకన్నా పహలే మనం చేసేస్తే మన సంఘం షాన్ వేరు. టెన్షన్ మత్ లో,” అని, కంగారు పడొద్దన్నట్టు నా వీపు తట్టాడు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఆ సాయంత్రమే రిజిస్ట్రార్ పిలిపించాడు. “ఆప్ లోగోంనే తో డిగ్రీ దే హీ దీ,” అన్నాడు. మీరే ఇచ్చేశారుగా, ఇక మేమేం ఇవ్వాలి అని. ఎంత బతిమాలినా వినలేదు. పట్టా ఉర్లా పెద్దమనిషికి వెళ్ళింది. మావాళ్ళు సిగ్గులేకుండా ఆయనకీ శాలువా కప్పారు. నేను వెళ్ళలేదు.

టీచరమ్మకు చెప్పే పని మాత్రం నా నెత్తినే పడింది. వాళ్ళింటి వరండాలో కూర్చుని, తప్పు సంఘానిదని, రూలుదని, ఆ టైపిస్టుదని ఏకరువు పెట్టాను. వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నిస్తానన్నాను. ఆవిడ అంతా విన్నారు. నాకు టీ పోశారు.

“వద్దు బాబూ,” అన్నారు. “ఇన్నాళ్ళూ నాకేటీ తక్కువనిపించలేదు. ఇప్పుడనిపిస్తంది.”