ఫోటోలో మిగిలిన భుజం

పుట్టిన పాప దక్కకపోయాక నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఏడాదికి పైగా విడిగా ఉండి, ఇద్దరి ఇష్టంతోనే విడాకుల దరఖాస్తు వేద్దామని కిందటేడు మహబూబాబాద్ కోర్టుకు వెళ్లాం. నేను నర్సింహులపేట నుంచి, ఆయన జనగామ నుంచి.

వరండాలో వకీలు గుమాస్తా మా కాగితాల మీద అతికించడానికి చెరొక ఫోటో అడిగాడు. ఆయనిచ్చిన ఫోటో చూసి, "ఏందన్నా, గీ పక్కన ఎవరిదో భుజమున్నది?" అన్నాడు.

ఆయన తల వంచుకున్నాడు. ఆ భుజం మీది పట్టుచీర ఎర్రంచు నేను గుర్తుపట్టాను. మా పెళ్లి ఫోటోలోంచి తన బొమ్మ మట్టుకు తీయించుకొచ్చాడు.

"నాదే" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు పక్కున నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"గిట్ల నడవదు" అంటూ గుమాస్తా కత్తెర తీశాడు. అది ఫోటోకు ఆనగానే ఆయన చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర పైలమన్నా, ఆమెకు తాకుతది."

నవ్వులు ఆగిపోయాయి. అయినా సంతకాలు చేశాం. ఆర్నెల్ల తర్వాత జడ్జిగారి ముందు ఇద్దరం విడాకులకు సరేనన్నాం.

పాప పోయాక నా నొప్పి గురించి ఆయన నోట విన్నది ఆ ఒక్క మాటే. అదీ ఫోటోలో ఉన్న నా గురించి.